గుమ్మం తెర

అమలాపురానికి దిగువన కాలువగట్టును ఆనుకొని ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో ముందు వసారా, నడుమ పెద్దగది, వెనుక వంటిల్లు గల ఒక పెంకుటిల్లు. వసారాకూ నడిమిగదికీ మధ్యనున్న గుమ్మానికి తెల్లదారంతో అల్లిన తెర ఒకటి వేలాడుతూ ఉంటుంది. దూరంనుంచి చూసినవారికి అది బజారులో దొరికే పరదాలాగే కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే మూడంగుళాల పువ్వులు అడ్డానికి 12, నిలువుకు 24, మొత్తం 288 పువ్వులు ఒకదాని అంచును ఒకటి పట్టుకొని నిలిచి ఉంటాయి. పై వరుసలలోని పువ్వులకు ఆరేసి రేకలు. దిగువకు వచ్చేకొద్దీ ఎనిమిదేసి రేకలు. అడుగు వరుసలలో రేక అంచున మళ్ళీ చిన్న చిన్న ముత్యాలవంటి ముడులు. చేయి క్రమక్రమంగా పనితనం సంపాదించుకున్న ఆనవాళ్ళు ఆ తెరలో పైనుంచి కిందికి చదువుకోవచ్చు. అది పూర్తి కావడానికి అయిదున్నర సంవత్సరాలు పట్టింది.

కోనసీమను గురించి రాసేవారు కొబ్బరితోటలను, కాలువలను, లంకలను వర్ణించి అక్కడితో ఆగిపోవడం పరిపాటి. ఆ తోటల నడుమనున్న ఇళ్ళలోపల ఏం జరుగుతుందో చెప్పినవారు తక్కువ. నిజానికి ఆ ఇళ్ళలో చాలాకాలంగా ఒక పెద్ద పరిశ్రమ నడుస్తున్నది. దానికి పొగగొట్టం లేదు, కూత లేదు, ప్రహరీగోడ లేదు. అందువల్ల అది పరిశ్రమ అని ఎవరికీ తోచలేదు.

ఆ ఇంటి ఇల్లాలు పుట్టినది సఖినేటిపల్లి ప్రాంతంలో. వశిష్ఠ గోదావరికి ఈ ఒడ్డున సఖినేటిపల్లి, ఆ ఒడ్డున నర్సాపురం. నడుమ పంటు ప్రయాణం. నర్సాపురం, పాలకొల్లు పరిసరాలు మన దేశంలో లేసు అల్లికకు పేరుపడిన చోట్లు. 1836లో ఇంగ్లండునుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మతబోధకులు నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో మిషను నెలకొల్పారు. ఆ తరువాతి దశాబ్దాలలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకు జీవనోపాధిగా లేసు అల్లడం నేర్పారు. సరిగా ఆ కాలంలోనే, 1845 తరువాత ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి ఘోరమైన కరవు వచ్చినప్పుడు అక్కడి కన్యాగురుమఠాలలో ఆకలిగొన్న ఆడపిల్లలకు ఇదే విద్య నేర్పడం విశేషం. ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు. మగ్గం అక్కరలేదు, స్థలం అక్కరలేదు, పెట్టుబడి అంతకంటే అక్కరలేదు. పేదరికానికి ఇంత చక్కగా అమరే విద్య మరొకటి లేదు.

అల్లిక సూత్రం చెప్పడానికి చాలా తేలిక. ఒక ముడిలోనుంచి దారాన్ని లాగి మరొక ముడి వేయడం, దానిలోనుంచి ఇంకొకటి. అంతే. ఎప్పుడైనా సూదిమీద ఉండేది ఒక్క ముడి మాత్రమే. ఆ చివరి ముడిని బిగించకుండా వదిలి కొసను లాగితే నెలరోజుల పని నిమిషంలో ఊడి దారమై కుప్పపడుతుంది. కుట్టుపనికి ఆధారంగా ఒక గుడ్డ ఉంటుంది, నేతకు పడుగు ఉంటుంది. లేసుకు ఏ ఆధారమూ లేదు. దారమే గుడ్డ అవుతుంది, ఖాళీలే బొమ్మలవుతాయి. లెక్క తప్పితే బొమ్మ చెడుతుంది కనుక అల్లేవారి పెదవులు ఎప్పుడూ నిశ్శబ్దంగా కదులుతూ ఉంటాయి. చూసేవారు జపం చేస్తున్నారనుకుంటారు.

ఆమె ఎనిమిదో ఏట మేనత్త దగ్గర ఈ లెక్క నేర్చుకుంది. బడిలో అయిదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ లెక్క ఆగలేదు. పెళ్ళయి అమలాపురం దిగువకు కాపురానికి వచ్చినప్పుడు సారెలో చలిమిడి బిందెతోపాటు, చీర మడతలో దాచిన లేసు సూది కూడా వచ్చింది. అత్తగారు చూసి, "ఇదెందుకమ్మా, మనకేం ఖర్మ" అన్నారట. ఆ ‘ఖర్మ’ అన్న మాట వెనుక ఒక పెద్ద సంప్రదాయమే ఉంది.

తీరాంధ్రంలో చిన్నరైతు కుటుంబాలకు ఒక గౌరవరేఖ ఉండేది. కూలికి వెళ్ళే స్త్రీలు ఆ రేఖకు అవతల, గడప దాటని స్త్రీలు ఇవతల. పొలం ఎకరమే అయినా, అప్పు పదెకరాల విలువ చేసినా, ఇల్లాలు ఎండలో నిలబడి నాట్లు వేయకపోవడమే ఆ ఇంటి పరువు. లేసు అల్లిక ఆ పరువుకు భంగం కలిగించదు, ఎందుకంటే అది గడపలోపల జరుగుతుంది. దారం ఇచ్చేవాడు ఇంటికే వచ్చి ఇస్తాడు, అల్లినది ఇంటికే వచ్చి పట్టుకుపోతాడు. దారం తూచి ఇస్తాడు, లేసు తూచి తీసుకుంటాడు. మసి అంటితే ధర తగ్గిస్తాడు. పువ్వులు అల్లే చేయి ఒకటి, వాటిని అతికే చేయి మరొకటి, ఉతికి ఇస్త్రీ చేసే చేయి ఇంకొకటి. తాను అల్లిన పువ్వు ఎంత పెద్ద గుడ్డలో ఎక్కడ అమరిందో అల్లిన మనిషికి తెలియదు. ఆ గుడ్డ ఓడలెక్కి దూరదేశాలలో భోజనాల బల్లలమీద పరుచుకుంటుంది. అల్లినవారి ఇంట్లో బల్లే ఉండదు, చాపమీద విస్తరి వేసుకొని తింటారు.

1978-79 సంవత్సరాలలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం పరిసరాలలో ఉండి ఈ స్త్రీలను గురించి పరిశోధించారు. ఆమె గ్రంథం 1982లో లండనులో వెలువడింది. అప్పటికి లక్షమందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అంచనా. వంట, నీళ్ళు, పిల్లలు, పశువులు కాక రోజుకు ఆరునుంచి ఎనిమిది గంటలు లేసు అల్లినా వారికి దక్కేది రూపాయిలోపే. వ్యవసాయ కూలికి చట్టం నిర్ణయించిన కనీస వేతనంలో మూడోవంతు కూడా తమకు అందడంలేదని వారిలో చాలామందికి తెలియదు. ఆమె గమనించిన అన్ని విషయాలలో కలవరపెట్టేది మరొకటి ఉన్నది. ఎగుమతి వ్యాపారులు, భర్తలు, అధికారులు, ఆఖరికి ఆ స్త్రీలు కూడా, ఆ పనిని ‘తీరిక వేళల్లో కాలక్షేపం’ అనే చెప్పారు. ఎనిమిది గంటల తీరిక ఏ ఇల్లాలికి ఉంటుందో ఎవరూ అడగలేదు. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు ఆ స్త్రీలను పనిచేయనివారి వరుసలో రాసుకొని వెళ్ళారు. తెలుగులో ‘తీరిక’ మంచి మాట. తీరినప్పుడు కలిగేది తీరిక. అయితే ఏ పనీ తీరకముందే ఆ మాటను వాడుకోవడం మన ఇళ్ళలో మొదటినుంచీ ఉన్నది.

పెంకుటింటి ఇల్లాలు సూదిని చాలాకాలం చీర మడతలోనే ఉంచింది. దానిని బయటకు తీయించినది 1996 నవంబరు 6వ తేదీ రాత్రి. ఆ రాత్రి కోనసీమమీద విరుచుకుపడిన తుపానును అక్కడివారు ఇప్పటికీ తేదీతోసహా చెబుతారు. వందలాది ప్రాణాలు పోయాయి. తెల్లవారేసరికి తోటలకు తోటలు నేలకొరిగి ఉన్నాయి. కొబ్బరిచెట్టు పడిపోవడమంటే ఒక పంట పోవడం వంటిది కాదు. మళ్ళీ మొక్క నాటి, అది కాపుకు రావాలంటే అయిదారేళ్ళు పడుతుంది. ఆ అయిదారేళ్ళూ ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు మండల కార్యాలయంలో జవాబు లేదు. ఆ ఇంటి యజమాని మిగిలిన నాలుగు చెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయేవాడు. ఇల్లాలు రాజోలు వైపునుంచి వచ్చే ఏజెంటుకు కబురు పంపింది.

ఆనాటినుంచి నడిమిగదిలో గుమ్మానికి పక్కగా, వెలుతురు పడేచోట ఆమె పీట వేసుకొని కూర్చునేది. వసారాలోకి ఎవరైనా వస్తున్న అలికిడి అయితే చేతిలోని పని దిండుకింద చేరేది. ఊళ్ళోవారికి తెలియదని కాదు. ప్రతి రెండో ఇంట్లోనూ అదే పని. తెలిసినా కంటికి కనబడకూడదు, అంతే. "పెళ్ళాం సంపాదన తింటున్నాడు" అన్న మాట భర్త చెవిన పడకూడదు. ఆమె అల్లే పనికంటె దానిని దాచే పనికే ఎక్కువ నేర్పు కావలసి వచ్చేది.

శనివారం సాయంత్రం ఏజెంటు లేసు తూచుకొని వెళ్ళేవాడు. కొత్త దారం సోమవారం వచ్చేది. ఆ మధ్యనున్న వేళలో ఆమె తన సొంత డబ్బుతో కొన్న దారంతో ఒక్క పువ్వు అల్లి బిస్కెట్ల రేకుడబ్బాలో వేసేది. వారానికి ఒక్కటే. ఎందుకని కూతురు అడిగితే, "గుమ్మానికి తెర లేదుగా, ఎవరొచ్చినా నేను దిండు వెతుక్కోవాల్సొస్తోంది" అని నవ్వేది. పని కనబడకుండా ఉండడానికి అదే పనితో తెర కట్టుకోవాలన్న ఆలోచనలోని తమాషా ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆ కూతురు పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. 2001 జూన్ నెలలో ఇంటర్మీడియట్ ప్రవేశానికి దరఖాస్తు తెచ్చుకొని వసారాలో చాపమీద కూర్చొని నింపుతున్నది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తండ్రి వృత్తి. తండ్రి వృత్తి దగ్గర ‘వ్యవసాయం’ అని రాసింది. చెట్లు లేని వ్యవసాయమయినా అది వ్యవసాయమే. తరువాత తల్లి పేరు. ఆ తరువాత తల్లి వృత్తి. కలం అక్కడ ఆగింది.

"అమ్మా, నీ దగ్గర ఏం రాయను?"

లోపలనుంచి వెంటనే జవాబు వచ్చింది. "అందరూ ఏం రాస్తారు?"

"గృహిణి అని."

"అదే రాయి."

"మరి లేసు?"

కొంతసేపు మాట లేదు. సూది ఆగింది. "లేసని రాస్తే, ఆ కాగితంమీద మీ నాన్నగారు కూడా సంతకం పెట్టాలిగా. చూస్తే చిన్నబుచ్చుకుంటారు. గృహిణనే రాయి."

అమ్మాయి అదే రాసింది. ఆ దరఖాస్తుతోపాటు కట్టిన రుసుము రేకుడబ్బా అడుగునుంచి వచ్చింది. పైన పువ్వులు, అడుగున మడిచిన నోట్లు. ఆ మాట రాయడం తప్పా అంటే చెప్పడం కష్టం. తల్లి తన పేరు కంటె భర్త ముఖాన్ని ఎక్కువ చూసుకున్నది, కూతురు తల్లి మాటను కాదనలేకపోయింది. అయినా ఆ ఒక్క గడిలో రాసిన మాట ఆ పిల్లను చాలాకాలం వెంటాడింది.

తెర మరుసటి సంవత్సరం పూర్తయింది. అప్పటికి కొత్త కొబ్బరిమొక్కలు గెలలు వేస్తున్నాయి. లేసు పని మాత్రం ఆగలేదు, ఎందుకంటే అప్పులు కూడా ఆగలేదు.

మన భాషలో ‘తెర’ అంటే అలకూడా. కోనసీమకు ఒకవైపు సముద్రపు తెరలు, మిగిలినవైపుల గోదావరి పాయలు. తెర అంటే యవనిక కూడా. నాటకానికి ముందు ఉండేది, పెళ్ళిలో వధూవరుల మధ్య జీలకర్ర బెల్లం పెట్టేవరకు పట్టుకునేది. ఇన్ని అర్థాలు గల తెరకు దూరదేశంలో ఒక దాయాది ఉన్నదని ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళ తరువాత తెలిసింది.

చదువు, ఉద్యోగం ఆమెను దక్షిణ కొరియాకు తీసుకువెళ్ళాయి. సియోల్ నగరంలో 2021లో హస్తకళల మ్యూజియం ఒకటి తెరిచారు. ఒక ఆదివారం ఆమె అక్కడికి వెళ్ళింది. అద్దాల వెనుక కుట్టుపనితో నిండిన మడత తెరలు నిలబడి ఉన్నాయి. కొరియా భాషలో మడత తెరను బ్యోంగ్‌పుంగ్ అంటారు. గాలిని ఆపేది అని ఆ మాటకు అర్థం. పూర్వం ఆ దేశపు ఇళ్ళలో నేలకిందనుంచి పొయ్యి వేడి పోనిచ్చి గదిని వెచ్చబరిచేవారు. జనం నేలమీదే కూర్చునేవారు, నేలమీదే పడుకునేవారు. కిటికీలకు, తలుపులకు కాగితం అంటించేవారు. ఆ సందులలోనుంచి దూసుకువచ్చే చలిగాలికి అడ్డంగా ఈ తెర నిలిపేవారు. చెక్కచట్రాలకు పట్టుగుడ్డ బిగించి, నాలుగు, ఎనిమిది, పది మడతలుగా కలిపితే తెర తయారవుతుంది. ఆ పట్టుగుడ్డ మీద బొమ్మ రాయవచ్చు, లేదా రంగుదారాలతో కుట్టవచ్చు.

గాలికోసం పుట్టిన తెర క్రమంగా జీవితానికంతటికీ తోడయింది. బిడ్డ మొదటి పుట్టినరోజున కూర్చోబెట్టేది దాని ముందు. పెళ్ళికి దాని ముందు. అరవై ఏళ్ళు నిండిన పండుగకు దాని ముందు. మనకు ప్రభవాది అరవై సంవత్సరాలు తిరిగివస్తే షష్టిపూర్తి చేసినట్లే వారికీ అరవై ఏళ్ళ చక్రం ఉన్నది, పండుగ ఉన్నది. మనిషి పోయినప్పుడు ఆ శరీరాన్ని ఉంచేది తెర వెనుక. పితృదేవతలకు నైవేద్యం పెట్టేటప్పుడు వెనుక నిలిచేదీ తెరే. సందర్భాన్ని బట్టి తెరమీది బొమ్మ మారుతుంది. స్త్రీల గదిలో పువ్వులు, పిట్టలు, సీతాకోకలు. పెద్దల ఆయువు కోరుతూ సూర్యుడు, కొండ, నీరు, శిల, మబ్బు, పైన్ చెట్టు, తాబేలు, కొంగ, జింక, అమరత్వాన్నిచ్చే పుట్టగొడుగు, ఇలా పది చిహ్నాలు. చావు సందర్భంలో ఏ బొమ్మా లేని తెల్లతెర. అయిదువందల ఏళ్ళకు పైగా సాగిన జొసన్ రాజుల పాలనలో, 1392నుంచి 1910వరకు, అంతఃపురంలో కుట్టుపనికి వేరే గదే ఉండేది. అక్కడ పరిచారికలు కుట్టేవారు. బయట సామాన్యుల ఇళ్ళలో తల్లులు, కూతుళ్ళు కుట్టేవారు. ఆడపిల్లకు సూది చేతబట్టడం గుణంగా నేర్పేవారు. ఆ దేశపు ఉత్తర భాగంలో అంజు అనే పట్టణం ఉన్నది. అక్కడ మగవారు అమ్మకానికి తెరలు కుట్టేవారు. గట్టి మెలిదారంతో వారు కుట్టిన పనికి ఊరిపేరుతోనే ప్రసిద్ధి కలిగింది. మగవాడు బజారుకోసం కుట్టినప్పుడు అది వృత్తి అయింది, స్త్రీ ఇంట్లో కుట్టినప్పుడు గుణమయింది. గోదావరికీ అంజుకూ మధ్య ఇన్నివేల మైళ్ళ దూరం ఉన్నా ఈ లెక్క మాత్రం ఒక్కటే.

కాలం మారి, కొరియాలో గోడల ఇళ్ళు, కుర్చీలు వచ్చాక ఆ తెరలను పట్టించుకునేవారు తగ్గిపోయారు. చిత్రకారులు రాసిన తెరలకున్న విలువ ఆడవారు కుట్టిన తెరలకు లేదు. హొ దోంగ్‌హ్వా అనే ఆయన, ఆయన భార్య కలిసి దశాబ్దాలపాటు ఆ కుట్టుపనులను సేకరించారు. 2018లో మరణించడానికి ముందు ఆయన అయిదువేల వరకు వస్తువులను సియోల్ నగరానికి దానం చేశారు. ఆ అమ్మాయి చూసిన మ్యూజియంలో ఆ దానం పెద్ద భాగం.

ఆమె ఒక్కొక్క తెర దగ్గర ఆగి, పక్కనున్న పలకను చదివింది. ఏ శతాబ్దం, ఏ గుడ్డ, ఏ దారం అన్నవి ఉన్నాయి. ఎవరు కుట్టారన్నది చాలావాటికి లేదు. మన ప్రాచీన కవులు ప్రబంధాన్ని అల్లినప్పుడు ప్రతి ఆశ్వాసం చివర గద్యలో తన పేరు, తండ్రి పేరు, బిరుదులు, గురువుల పేర్లు విస్తారంగా చెప్పుకొని మరీ కలం కింద పెట్టేవారు. అల్లిక అన్న మాట కవిత్వానికీ లేసుకూ ఒక్కటే అయినా, ఆశ్వాసాంత గద్య ఒక అల్లికకే దక్కింది.

ఆమె ఫోను తీసి తల్లికి తెరల బొమ్మలు చూపింది. తల్లి కళ్ళజోడు సరిచేసుకొని చాలాసేపు చూసింది. ఎంత ఖరీదుంటుందని అడుగుతుందేమో అనుకుంది కూతురు. తల్లి అడిగినది వేరు.

"వెనకవైపు చూశావా?"

"వెనక్కి వెళ్ళనివ్వరమ్మా. అద్దాలున్నాయి."

"అయ్యో. కుట్టుపని ముందునుంచి చూస్తే ఏం తెలుస్తుందే? వెనక్కి తిప్పి చూడాలి. ముడులెక్కడ వేసిందో, దారం ఎక్కడెక్కడినుంచి ఎక్కడికి లాక్కొచ్చిందో. పొదుపు మనిషయితే దారం దూరం లాగదు. తొందరలో ఉంటే ముడులు లావుగా ఉంటాయి." కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "లేసుకి ఆ బాధ లేదులే. వెనకా ముందూ ఒకలాగే ఉంటుంది."

పలకమీద లేని మనిషిని గుడ్డ వెనుక వెతకవచ్చునని ఆ మ్యూజియంలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. అయిదో తరగతి చదివిన తల్లి చెప్పింది.

ఈ నడుమ లేసు లోకంలో ఎన్నో మార్పులు వచ్చాయి. నర్సాపురం పక్కన రుస్తుంబాదలో అంతర్జాతీయ లేసు వ్యాపార కేంద్రం ఏర్పడింది. చైనానుంచి యంత్రపు లేసు చౌకగా వచ్చి ధరలను పడగొట్టింది. 2020లో కరోనా వచ్చి ఎగుమతులు నిలిచిపోయినప్పుడు ఎన్నో సూదులు మళ్ళీ చీర మడతల్లోకి చేరాయి. 2024లో నర్సాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ అల్లిక సాగే ప్రధాన స్థలాలలో నర్సాపురం, పాలకొల్లులతోపాటు రాజోలు, అమలాపురం ప్రాంతాలు కూడా ఉన్నాయి. గుర్తింపు ఊరికి వచ్చింది, అది మనిషిదాకా ఎంత చేరుతుందో చూడవలసి ఉన్నది. ఇప్పటి ఆడపిల్లలు చదువుకొని ఉద్యోగాలకు వెళుతున్నారు. ఆ చదువులు చాలావాటికి రుసుము లేసే కట్టింది. అందువల్లనే వారు లేసు నేర్చుకోలేదు. ఇందుకు విచారించాలో సంతోషించాలో తేల్చి చెప్పగలిగినవారు ఆ పల్లెల్లో లేరు.

ఆ తరువాతి సంక్రాంతికి కూతురు ఇంటికి వచ్చింది. తండ్రి కాలంచేసి నాలుగేళ్ళయింది. తెర అలాగే ఉన్నది, అడుగు అంచు కొంచెం పసుపు తిరిగింది. ఆమె వెళ్ళి దానిని వెనక్కి తిప్పి చూసింది. తల్లి చెప్పినట్లే రెండువైపులా ఒకలాగే ఉన్నది. మూడో వరుసలో ఒక పువ్వుకు మాత్రం అయిదు రేకలే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా కంటికి ఆననిది అప్పుడు కనిపించింది.

"ఇదేంటమ్మా, ఒక రేక తక్కువుంది?"

"అది నీకు జ్వరమొచ్చిన వారం. లెక్క తప్పాను. విప్పుదామనుకున్నాను, బుద్ధి పుట్టలేదు."

చేతివృత్తుల కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకోసం కూతురు దరఖాస్తు తెచ్చింది. భోజనాలయిన తరువాత వసారాలో చాపమీద కూర్చొని నింపసాగింది. పేరు, వయసు, ఊరు, మండలం. తల్లి గుమ్మం పక్కన అదే పీటమీద, అదే వెలుతురులో మనవరాలి గౌనుకు అంచు అల్లుతున్నది. వసారాలోకి పక్కింటివారు వచ్చి కూర్చున్నా పని దిండుకిందకు పోలేదు.

"అమ్మా, వృత్తి దగ్గర ఏం రాయమంటావు?"

తల్లి పెదవులు కదులుతున్నాయి. ఎడమచేతి బొటనవేలు ముడిని పట్టుకొని ఉంది.

"ఉండు," అన్నది తల ఎత్తకుండా. "లెక్క తప్పుతుంది. ఈ వరస అయ్యాక చెబుతాను."